వంతెనకు అటూ ఇటూ

జర్మనీకి తూర్పు కొసన ఉన్న పట్టణం గోర్లిట్జ్. అక్కడి పాత వంతెన మీద నాలుగడుగులు వేస్తే దేశమే మారిపోతుంది. నైసె నదికి పడమటి ఒడ్డున గోర్లిట్జ్, తూర్పు ఒడ్డున పోలండ్‌కు చెందిన జ్గొజెలెట్స్. 1945 దాకా ఈ రెండూ ఒకే ఊరు.

ఆ ఏడాది మే 7న, లొంగుబాటుకు ముందురోజు, జర్మన్ సైన్యమే ఆ వంతెనను పేల్చేసింది. ఆ తర్వాత యుద్ధంలో గెలిచిన దేశాలు పోట్స్‌డామ్‌లో సమావేశమై నదినే హద్దుగా గీశాయి. తూర్పు ఒడ్డున ఉన్న జర్మన్లను వెళ్లగొట్టారు. వారి ఇళ్లలోకి వచ్చిన పోలండ్ ప్రజల్లోనూ ఎందరో సోవియట్ యూనియన్ పాలైన ప్రాంతాల నుంచి తరలి వచ్చినవారే. సొంత ఊరు పోగొట్టుకున్న బాధ నదికి రెండు వైపులా ఒకటే.

తూర్పు జర్మనీ, పోలండ్ ఈ హద్దును గుర్తిస్తూ 1950లో ఒప్పందం చేసుకున్నది జ్గొజెలెట్స్‌లోనే. పాత వంతెన మళ్లీ లేవడానికి మాత్రం 2004 దాకా ఆగాల్సి వచ్చింది. పోలండ్ యూరోపియన్ యూనియన్‌లో చేరింది కూడా ఆ ఏడాదే. 2007 డిసెంబర్‌లో పాస్‌పోర్టు తనిఖీలూ పోయాయి.

యుద్ధంలో పెద్దగా దెబ్బతినని గోర్లిట్జ్‌లో దాదాపు 4,000 చారిత్రక భవనాలు మిగిలాయి. వాటి మరమ్మతులకు పేరు చెప్పని ఒక దాత 1995 నుంచి 2016 వరకు ఏటా పది లక్షల మార్కులు, యూరో వచ్చాక అంతకు సమానమైన సొమ్ము పంపారు. హాలీవుడ్ కూడా ఈ వీధులను వెతుక్కుంటూ వచ్చింది. 'ది గ్రాండ్ బుడాపెస్ట్ హోటల్'లోని హోటల్ నిజానికి ఇక్కడి పాత డిపార్ట్‌మెంట్ స్టోరే. అయితే అందం అన్నం పెట్టలేదు. 1990లో జర్మనీ ఏకమయ్యాక పనుల కోసం యువత పడమటి నగరాల బాట పట్టింది.

ఆ అసంతృప్తి 2019 మేయర్ ఎన్నికలో బయటపడింది. వలసలను వ్యతిరేకించే ఏఎఫ్‌డీ అభ్యర్థికి 45 శాతం ఓట్లు వచ్చాయి. గెలిచింది మాత్రం రుమేనియాలో పుట్టిన ఒక్తావియన్ ఉర్సు.

మరుసటి ఏడాదే కోవిడ్ వంతెనకు కంచె వేసింది. 2020 మార్చి నుంచి జూన్ దాకా ఆప్తులు దాని ఇరువైపులా నిలబడి మాట్లాడుకున్నారు. వలసల పేరుతో 2023లో జర్మనీ, 2025లో పోలండ్ మళ్లీ తనిఖీలు మొదలుపెట్టాయి. వంతెన కట్టడానికి 59 ఏళ్లు పట్టింది. మూయడానికి ఒక్క ఉత్తర్వు చాలింది. ఈ సంగతి ఆ రెండు ఒడ్లకు తెలిసినంతగా రాజధానులకు తెలియదు.