పిక్నిక్‌కు మన చేతి సాండ్‌విచ్‌లు



సంఘ పిక్నిక్ అంటే ఇప్పుడు తలకింత అని చందా వేసి బిర్యానీ తెప్పించడమే అయిపోయింది. ఐదుగురున్న కూలి కుటుంబానికి ఆ చందా భారం. వారు నోరు తెరిచి చెప్పరు. ఆ రోజు రారు, అంతే. అందుకే ఈసారి పాతకాలపు గుడ్డు సాండ్‌విచ్‌లు మనమే చేసుకుందాం.

పని పెద్దదేమీ కాదు. గట్టిగా ఉడికిన గుడ్లు చిదిమి ఉప్పు, మిరియాల పొడి కలపాలి. బ్రెడ్డుకు ముందు వెన్న రాస్తే తడి లోపలికి దిగదు. కీర, టమాటా అక్కడికెళ్లాకే కోసుకుందాం. ఎండకు గుడ్డు త్వరగా పాడవుతుంది గనుక వెళ్లగానే తినేద్దాం.

యోహాను 6వ అధ్యాయంలోని చిన్నవాడి దగ్గర ఉన్నవి ఐదు యవల రొట్టెలు, రెండు చిన్న చేపలు. యవలు బీదల ధాన్యం. అయినా ప్రభువు వాటిని చేతబట్టుకొని కృతజ్ఞతాస్తుతులు చెల్లించాడు. కొరింథు సంఘంలో మాత్రం కొందరు కడుపునిండా తింటుంటే కొందరు పస్తున్నారు. అది లేనివారిని అవమానించడమేనని పౌలు గద్దించాడు.

తెచ్చినవన్నీ ఒకే బల్లమీద పెడదాం. ఎవరేమి తెచ్చారో లెక్క వద్దు. తేలేనివారి ఇంటికి మనమే ముందుగా వెళ్లి పిలుద్దాం. రుచి కాస్త తగ్గినా ఫరవాలేదు, ఒక్క కుటుంబం కూడా ఇంట్లో ఆగిపోకూడదు.