సెల్యులార్ జైలులో ఆ మూడున్నరేళ్లు

సంక్రాంతి సందడి ముగిశాక ఒకసారి, వేసవి సెలవుల్లో మరోసారి అమలాపురం, రాజోలు, కొత్తపేటల నుంచి అండమాన్ ప్రయాణాలు మొదలవుతాయి. ఎల్టీసీ మీద వెళ్లే ఉద్యోగులు, కొత్తగా పెళ్లయినవాళ్లు, రిటైరయ్యాక బృందాలుగా కదిలేవాళ్లు అందులో ఉంటారు. చాలా ప్యాకేజీల్లో వరస ఒక్కటే. దిగిన రోజు సాయంత్రం సెల్యులార్ జైలు, చీకటి పడ్డాక సౌండ్ అండ్ లైట్ షో, మర్నాటి నుంచి రాస్ దీవి, హేవ్‌లాక్, నీల్ దీవుల ఇసుకతిన్నెలు. జైలుకు దక్కేది మహా అయితే రెండు గంటలు. సెలవులకెళ్లినవాళ్లు ఆ మాత్రం సమయం ఇవ్వడమే మంచిది, దాన్ని తప్పుపట్టను. నా అభ్యంతరం వేరే ఉంది. మనం తలుచుకునే జైలు కథ 1906లో మొదలై 1938లో ఆగిపోతుంది. అక్కణ్నుంచి ఒక్క గంతులో 1943 డిసెంబరు 30న నేతాజీ జెండా ఎగరేసిన ఘట్టం మీద వాలుతుంది. 1942 మార్చి నుంచి 1945 అక్టోబరు దాకా ఆ జైలు జపాన్ సైన్యం చేతిలో ఉంది. ఆ మూడున్నరేళ్లలో అక్కడ నలిగిపోయిన మనుషులు మన కథలోకి రారు. ఆ ఏళ్ల సంగతి తెలియకుండా బయటికొస్తే జైలును సగమే చూసినట్టు.

తెలిసిన సగం కూడా కోనసీమవాళ్లు చూడగలిగినంత దగ్గరగా మరొకరు చూడలేరు. అక్కడి ఖైదీలకు వేసిన శిక్షలు కొబ్బరి పనులు. నానిన డొక్కలు దంచి పీచు తీయాలి, పీచుతో తాడు పేనాలి, ఎండు కొబ్బరి గానుగాడి నూనె దించాలి. ఎద్దు తిరగాల్సిన గానుగకు మనిషిని కట్టి, రోజుకు 30 పౌన్ల కొబ్బరినూనె తీయమన్నారు. పర్యాటకులకు అదొక అంకె మాత్రమే. అంబాజీపేట మార్కెట్ తెలిసినవారు వేళ్ల మీద లెక్కేసి చెప్పగలరు. 30 పౌన్లంటే పదమూడున్నర కిలోల పైమాట. అంత నూనె దిగాలంటే ఇరవై రెండు కిలోలకు తక్కువ కాకుండా ఎండు కొబ్బరి కావాలి, కాయల్లో చూస్తే సుమారు నూట నలభై, నూట యాభై. ఒక మనిషి, ఒక పగలు. లెక్క తగ్గితే కొరడా దెబ్బలు, కాళ్లకు చేతులకు సంకెళ్లు. డొక్క దంచే చేతులకు ఏమవుతుందో, పీచు దుమ్ము ఊపిరికి ఎంత చేటో మన ఊళ్లలో ఎవరినడిగినా చెబుతారు. అక్కడి ప్రదర్శనలో గానుగ తిప్పుతున్న ఖైదీ బొమ్మ ముందు కోనసీమ రైతు రెండు నిమిషాలు ఎక్కువ నిలబడితే ఆశ్చర్యం లేదు.

కట్టడమూ అంతే ఆలోచించి కట్టినది. 1896లో మొదలుపెట్టి పదేళ్లు కట్టారు. నడుమ ఒక బురుజు, దాన్నుంచి చక్రం ఆకుల్లా చీలిన ఏడు మూడంతస్తుల వరసలు, వాటిలో 690కి పైగా గదులు. ఒక వరస గదుల తలుపులు పక్క వరస వీపును చూస్తుంటాయి కాబట్టి ఏ ఖైదీకీ మరో ఖైదీ ముఖం కనపడదు. గొళ్లెం దగ్గర కాసేపు ఆగితే అసలు సంగతి తెలుస్తుంది. ఇనుప గడియను తలుపు పక్క గోడలోకి పొడవుగా పోనిచ్చి, దూరంగా తొలిచిన గూట్లో తాళం వేసేవారు. ఊచల్లోంచి ఎంత చెయ్యి చాపినా అందదు. 1933 నిరాహారదీక్షలో మహావీర్ సింగ్, మోహిత్ మైత్ర, మోహన్ కిశోర్ నామదాస్ ప్రాణాలు వదిలిందీ, 1937లో వందలమంది మళ్లీ దీక్షకు దిగిందీ ఇక్కడే. 1938 తొలి రోజుల్లో రాజకీయ ఖైదీలందరినీ ప్రధాన భూభాగానికి పంపేశాక ఆ అధ్యాయం ముగిసింది. జైలు పని మాత్రం ముగియలేదు.

1942 మార్చి 23న జపాన్ సైన్యం పోర్ట్‌బ్లెయిర్‌లో దిగింది. బ్రిటిష్‌వాళ్లు అప్పటికే తమ సైన్యాన్ని తరలించుకుపోయి, దీవుల్లో స్థిరపడ్డ ప్రజలను వాళ్ల ఖర్మకు వదిలేశారు. వారిలో చాలామంది పాత ఖైదీలు, వాళ్ల పిల్లలు, మనవలు. తెల్లవాళ్ల పీడ విరగడైందని కొందరు జపాన్‌వాళ్లకు స్వాగతం పలికారు కూడా. ఆ సంబరం ఎన్నో రోజులు నిలవలేదు. కోళ్ల కోసం ఇళ్లలో చొరబడ్డ సైనికుల మీద జుల్ఫికర్ అలీ అనే యువకుడు ఎయిర్‌గన్ పేల్చాడు. జనమంతా చూస్తుండగా అతని చేతులు విరిచి కాల్చి చంపారు. గూఢచారి అన్న నింద మోపి మేజర్ బర్డ్ అనే ఇంగ్లిష్ అధికారి తల నరికారు. 1943 ఆరంభంలో మిత్రరాజ్యాల మనుషులు జలాంతర్గామిలో వచ్చి రహస్యంగా అడవిలో దిగి సమాచారం పట్టుకెళ్లారు. ఆనుపానులు దొరక్క జపాన్ అధికారులు ఊళ్లోని చదువుకున్నవాళ్లను, ఉద్యోగులను, పెద్దమనుషులను అనుమానించారు. ఖాళీ అయిన సెల్యులార్ జైలు మళ్లీ నిండింది. ఈసారి లోపలున్నవాళ్లకు విచారణ లేదు, వకీలు లేడు, శిక్షాకాలమన్నదే లేదు.

డాక్టర్ దివాన్ సింగ్ కథ ఒక్కటి చెప్పుకుంటే ఆ రోజుల తీరు అర్థమవుతుంది. ఆయన సైన్యంలో వైద్యుడు, పంజాబీ కవి, దీవుల్లో భారత స్వాతంత్ర్య సంఘానికి అధ్యక్షుడు. జపాన్ సైనికుల కోరికలకు తలవంచకుండా జనం పక్షాన నిలబడ్డందుకు 1943 అక్టోబరులో ఆయన్ను జైల్లో వేసి, నెలల తరబడి హింసించారు. 1944 జనవరి 14న అక్కడే చనిపోయారు. డిసెంబరు 29న నేతాజీ దీవుల్లో అడుగుపెట్టి, ఆ పర్యటనలో ఇదే జైలును చూడడానికి వచ్చినప్పుడు దివాన్ సింగ్ లోపలే ప్రాణాలతో ఉన్నారు. ఆ సంగతి నేతాజీ దాకా చేరనివ్వలేదు. పర్యటన జపాన్ అధికారుల కనుసన్నల్లో సాగింది, సామాన్యులెవరూ ఆయన దగ్గరికి వెళ్లి మాట్లాడే వీలు లేకపోయింది. ఆయన వెళ్లిన నెలకే, 1944 జనవరి 30న, జైలు నుంచి 44 మందిని హంఫ్రేగంజ్‌కు తీసుకెళ్లి కాల్చి, అక్కడే కందకంలో పూడ్చేశారు. వాళ్లలోనూ చాలామంది స్వాతంత్ర్య సంఘానికి చెందినవాళ్లే. 1945లో తిండి కరువైంది. ఆగస్టులో, సేద్యం చేయిస్తామని నమ్మించి కొన్ని వందల మందిని పడవలెక్కించి, హేవ్‌లాక్ దగ్గర నడిసముద్రంలోకి తోసేశారు. బతికి బయటపడ్డవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది. ఈనాడు మనవాళ్లు రాధానగర్ బీచ్ కోసం వెళ్లే హేవ్‌లాక్ ఇదే.

దీనికి మొదటి అభ్యంతరం నేతాజీని ప్రేమించేవాళ్ల నుంచి వస్తుంది. ఈ సంగతులు తవ్వితే ఆయన కీర్తికి మచ్చ కాదా అంటారు. నాకలా అనిపించదు. జపాన్ సాయం తీసుకోవడం ఆయన తెలిసి చేసిన నిర్ణయం, దాని మంచిచెడ్డలు చర్చించే హక్కు మనకుంది. దీవులను ఆజాద్ హింద్ ప్రభుత్వానికి అప్పగించామని ప్రకటించాక కూడా పోలీసు, సైనిక అధికారం జపాన్ చేతిలోనే ఉండిపోయింది. చీఫ్ కమిషనర్‌గా వెళ్లిన కల్నల్ లోకనాథన్‌కు మిగిలింది దాదాపుగా బడుల నిర్వహణే. ఈ నిస్సహాయత తెలిస్తే నేతాజీ ఎంత ఇరుకులో పోరాడారో తెలుస్తుంది. పైగా దివాన్ సింగ్, హంఫ్రేగంజ్‌లో కూలినవాళ్లు ఆయన ఉద్యమంలోవాళ్లే. వాళ్ల పేర్లు దాచి ఆయన గౌరవం కాపాడతామనడం ఆయనకే అన్యాయం.

రెండో అభ్యంతరం దీనికి ఎదురు దిక్కు నుంచి వస్తుంది. జపాన్ క్రూరత్వాన్ని ఎత్తిచూపితే బ్రిటిష్ పాపం పలచబడుతుందంటారు. ఆ జైలు కట్టింది ఎవరు? గొళ్లెం అందకుండా గూడు తొలిచింది ఎవరు? ప్రజలను వదిలి ఓడలెక్కింది ఎవరు? జపాన్‌వాళ్లు కొత్తగా కట్టాల్సిన అవసరమే రాలేదు, సిద్ధంగా ఉన్నదాన్ని వాడుకున్నారు. మనిషిని మనిషికి కనపడకుండా చేసేందుకు ఒకరు కట్టిన యంత్రం మరొకరి చేతికి ఎంత సులువుగా అమిరిందో చూస్తే ఇద్దరి నేరమూ స్పష్టంగా కనపడుతుంది, ఏ ఒక్కరిదీ తగ్గదు. ఇక జపాన్ నేడు మన మిత్రదేశం కదా అన్న మాట. బ్రిటన్ కూడా మిత్రదేశమే, అయినా గానుగ గురించి చెప్పుకోవడం మానలేదు.

మూడోది సామాన్యమైన అభ్యంతరం, అందుకే దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. ఏడాదికోసారి దొరికే నాలుగు రోజుల సెలవు, పిల్లలు పక్కనుంటారు, అక్కడికెళ్లి చావుల లెక్కలెందుకు? వియత్నాంలోని కాన్ దావ్ దీవుల్లో దీనికి జవాబుంది. 1862లో ఫ్రెంచివాళ్లు పెట్టిన జైలు అది. తర్వాత దక్షిణ వియత్నాం ప్రభుత్వం 1975 దాకా నడిపింది. ఖైదీలను పైకప్పు ఊచల కింద కుక్కిన ‘పులి బోనులు’ 1970లో లోకానికి తెలిశాయి. అవీ ఉష్ణమండల దీవులే, అక్కడా రిసార్టులున్నాయి, ఈతకొట్టేవాళ్లున్నారు. ఆ జనమే రాత్రివేళ పూలు పట్టుకుని హాంగ్ జువాంగ్ శ్మశానంలో, 1952లో ఫ్రెంచివాళ్లు కాల్చి చంపిన యువతి వో థీ సావ్ సమాధి దగ్గరికి వెళ్తారు. ఫ్రెంచి కాలమూ, యుద్ధ కాలమూ రెండూ చెప్పుకుంటారు. సెలవు సంతోషం దానివల్ల తగ్గినట్టు లేదు. పదేళ్లు దాటిన పిల్లలకు నిజం చెప్పగలిగే మాటలు మన దగ్గరా ఉన్నాయి.

అసలు ఈ మూడున్నరేళ్లు ఎందుకు మరుగునపడ్డాయి? బెంగాల్, పంజాబ్, మహారాష్ట్ర విప్లవకారులు బయటికొచ్చి తమ అనుభవాలు రాశారు. రాసినవాళ్ల జైలే మన మనసులో నిలిచింది. హేవ్‌లాక్ సముద్రంలో మునిగినవాళ్లు రాయలేదు. మన గోదావరి మన్యం మనుషుల సంగతీ ఇదే. 1879 రంపా పితూరీ అణచివేశాక ఎందరినో అండమాన్ పంపారు, అప్పటికింకా ఈ జైలు పుట్టలేదు. 1922-24 పోరాటం తర్వాత అల్లూరి సీతారామరాజు అనుచరుల్లో కొందరిని ఇక్కడికే తెచ్చారు. ఆ పేర్లు మన పిల్లల్లో ఎందరికి తెలుసు? 1996లో వచ్చిన ‘కాలాపాని’ సినిమా తెలిసినంతైనా తెలియదు. అక్షరం రానివాళ్ల కష్టానికి సాక్ష్యం చెప్పాల్సింది తర్వాతి తరాలే. అండమాన్ దీవుల్లో, 2011 జనాభా లెక్కల ప్రకారం, తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్లు నూటికి పదమూడుమంది. కాబట్టి ఈ పని చేయడానికి అక్కడా మనవాళ్లున్నారు.

కోనసీమకు ఈ బాధ్యత రెండింతలు. జపాన్ సైన్యం పోర్ట్‌బ్లెయిర్‌లో దిగిన రెండు వారాలకే, 1942 ఏప్రిల్ 6న, జపాన్ విమానాలు విశాఖపట్నం మీదా కాకినాడ మీదా బాంబులు వేశాయి. అంతర్వేది నుంచి యానాం దాకా ఉన్న మన తీరం ఆ యుద్ధానికి ఎదురుగా నిలబడి ఉంది. వాళ్ల ఓడలు ఆ వారం బంగాళాఖాతంలో ఇష్టారాజ్యంగా తిరిగాయి. అక్కడి జనానికి పట్టిన గతి మనకు పట్టకపోవడానికి కారణం దూరం, అదృష్టం. అంతకు పదేళ్ల ముందరి తీగ కూడా ఇక్కణ్నుంచే సాగింది. ఏడు శనివారాల మొక్కుతో వేలమంది వెళ్లే ఆత్రేయపురం మండలం వాడపల్లిలో, 1931 రథోత్సవంలో, రథం మీద గాంధీ చిత్రపటం పెట్టినందుకు గొడవ జరిగి పోలీసులు కాల్పులు జరిపారు, భక్తులు చనిపోయారు. ఆ రోజుల్లో జిల్లాను హడలెత్తించిన పోలీసు అధికారి ముస్తఫా అలీఖాన్‌ను హతమార్చాలన్న పథకమే 1933 కాకినాడ బాంబు కేసు. అందులో శిక్షపడ్డ ప్రతివాది భయంకరాచారి సెల్యులార్ జైలుకు వెళ్లారు. వెంకన్న గుడి ముంగిట మొదలైన ఆ దారి పోర్ట్‌బ్లెయిర్‌లో తేలింది.

పోర్ట్‌బ్లెయిర్‌కు 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురం అని పేరు మార్చారు. రాస్, హేవ్‌లాక్, నీల్ దీవులకు 2018లోనే కొత్త పేర్లు పెట్టారు. పేర్లు మార్చినంత శ్రద్ధ చరిత్ర చెప్పడంలోనూ చూపాలి. జైలును 1979లో జాతీయ స్మారకంగా అంకితం చేశారు. 1942-45 నాటి ఖైదీల పేర్లు, దివాన్ సింగ్ కథ, హంఫ్రేగంజ్ తేదీ ఆ ప్రాంగణంలో ప్రతి సందర్శకుడి కంటా పడేలా, తెలుగులోనూ ఉండాలని మన ప్రజాప్రతినిధులు పార్లమెంటులో అడగాలి. రాష్ట్ర పర్యాటక శాఖ తెలుగులో ఒక ఆడియో గైడ్ తయారుచేయిస్తే పెద్ద ఖర్చేమీ కాదు. మన ట్రావెల్స్ యజమానులు ప్యాకేజీలో ఒక పూట కలిపి, దక్షిణ అండమాన్‌లోనే ఉన్న హంఫ్రేగంజ్ స్మారకం దగ్గర బస్సు ఆపాలి. వాళ్లు ఆపకపోతే, డబ్బు కట్టేముందు మనమే అడగాలి. కొత్తపేట, ఆత్రేయపురం బడుల్లో వాడపల్లి కాల్పుల పాఠం చెప్పే మాస్టారు కాకినాడ కేసు దగ్గర ఆపకుండా అండమాన్ దాకా, అక్కణ్నుంచి 1945 దాకా చెప్పుకుపోవచ్చు. దానికి ఏ జీవో కోసమూ ఎదురుచూడనక్కర్లేదు.