చెయ్యి లేవకపోతే తప్పెవరిది?

ఈమధ్య తార్నాకలో విద్యార్థినులతో ఆత్మరక్షణ శిక్షణ గురించి మాట్లాడుతుంటే ఒక అమ్మాయి అడిగింది: "మేడమ్, మూడేళ్ళు కరాటే నేర్చుకున్నాను. మా అక్క భర్త నా గదిలోకి వచ్చిన రోజు చెయ్యి లేవలేదు. తప్పు నాదేనా?"

నేను పెరిగింది ముషీరాబాద్‌లో. మా వీధి తాలింఖానాలో మగపిల్లలు కుస్తీ, కర్రసాము నేర్చుకునేవారు. చెయ్యి బెణికినా, కీలు తప్పినా సరిచేసేదీ వస్తాదే. విద్య వచ్చినవాడికి ఓర్పుండాలని వస్తాదు చెప్పాడని అన్నయ్య ఇంటికొచ్చి గొప్పగా చెప్పేవాడు. మాకు ఆ గడప తొక్కే వీలే లేదు. చున్నీ సర్దుకో, గట్టిగా నవ్వకు, తలొంచుకు నడువు - ఇదే మా శరీరాలకిచ్చిన శిక్షణ.

అందుకే ఆడపిల్లలు ఈ విద్యలు నేర్చుకోవడం నాకు సంతోషమే. కేరళలో మీనాక్షి అమ్మ ఏడో ఏట కలరిపయట్టు మొదలుపెట్టి, డెబ్బై దాటాక కూడా నేర్పుతూ 2017లో పద్మశ్రీ అందుకున్నారు. తన శరీరం తనదేనన్న ఎరుక చిన్న విషయం కాదు.

అయితే 2012లో ఢిల్లీ, 2019లో శంషాబాద్ ఘటనల తర్వాత "ఆడపిల్లలకు కరాటే నేర్పండి" అన్న సలహా చాలా వినబడింది. మగపిల్లలకు ఏం నేర్పాలో చెప్పినవాళ్ళు ఎందరు? జాతీయ నేర గణాంకాల ప్రకారం అత్యాచారం కేసుల్లో నూటికి 90కి పైగా నిందితులు బాధితురాలికి తెలిసినవాళ్ళే. ఇక మా ముషీరాబాద్‌కు దగ్గరలోని నల్లకుంట పోలీసు స్టేషన్‌లో 1978లో రమీజాబీపై అత్యాచారం జరిగింది, ఆమె భర్త ప్రాణం పోయింది. విచారణ కమిషన్ పోలీసులను తప్పుపట్టినా, కోర్టు వాళ్ళను విడిచిపెట్టింది. ఖాకీ బట్టల మీద ఏ పట్టు వేయాలి?

అదే 1978లో మథుర కేసులో సుప్రీంకోర్టు, ఆమె ఒంటిమీద గాయాలు లేవన్నది కూడా ఒక కారణంగా చూపి ఇద్దరు పోలీసులను నిర్దోషులన్నది. ప్రతిఘటించకపోవడం సమ్మతి కాదని చట్టంలో రాయించడానికి 2013 దాకా పోరాడాం. ఆ మాట నేటి న్యాయ సంహితలోనూ ఉంది. "కరాటే వచ్చుగా, ఎందుకు కొట్టలేదు?" అని అడిగినప్పుడల్లా మథురను అడిగిన ప్రశ్ననే మళ్ళీ అడుగుతున్నాం.

మరి శిక్షణ దండగా? కాదు. కెనడా విశ్వవిద్యాలయాల్లో 12 గంటల శిక్షణ పొందిన విద్యార్థినులపై ఏడాదిలో అత్యాచారాలు దాదాపు సగానికి తగ్గినట్టు 2015లో ఒక అధ్యయనం తేల్చింది. అక్కడ నేర్పింది దెబ్బలు మాత్రమే కాదు. తెలిసినవాడి నుంచి వచ్చే ప్రమాదాన్ని గుర్తించడం, మొహమాటాన్ని దాటి గట్టిగా కాదనడం, తన కోరికలేమిటో తనే తేల్చుకోవడం కూడా.

మన బస్తీల్లో, హాస్టళ్ళలో శిక్షణ నడుపుతున్న మిత్రులను కోరేది ఒక్కటే. మొదటి రోజు, మొదటి దెబ్బ నేర్పకముందే, ఆ అమ్మాయికి నేను చెప్పిన జవాబు అందరికీ చెప్పండి: "చెయ్యి లేచినా లేవకపోయినా తప్పు నీది కాదు తల్లీ, వాడిది."