తీగలో నష్టం సున్నా.. చల్లదనానికే ఖర్చు
* ఇరుకు నగరాలకు మేలు చేయగల అతివాహక కేబుళ్లు
* దూర ప్రాంత సరఫరాకు మాత్రం తలకు మించిన భారం

నిరోధమే లేని తీగలో కరెంటు పంపితే నష్టమన్న మాట ఉండదు. అతివాహక (సూపర్ కండక్టర్) కేబుళ్లు దీన్ని చాలావరకు సాధ్యం చేశాయి. అయితే తీగలో మిగిలిన విద్యుత్తు, ఆ తీగను చల్లగా ఉంచేందుకయ్యే ఖర్చుకు సరిపోతుందా అన్నదే అసలు ప్రశ్న.

పాదరసాన్ని మైనస్ 269 డిగ్రీల సెల్సియస్‌కు చల్లబరిస్తే అందులో విద్యుత్ నిరోధం మాయమవుతుందని 1911లో నెదర్లాండ్స్ శాస్త్రవేత్త కామర్లింగ్ ఓనెస్ గుర్తించారు. అంతటి శీతలానికి ఖరీదైన ద్రవ హీలియం అవసరం. 1987లో వెలుగుచూసిన ఇట్రియం, బేరియం, రాగి ఆక్సైడ్ పదార్థం మైనస్ 180 డిగ్రీల వద్దే ఈ గుణాన్ని చూపింది. దాంతో గాలి నుంచి తీసే చౌకైన ద్రవ నత్రజనితోనే పని జరిగే మార్గం ఏర్పడింది.

రేయింబవళ్లూ శీతలీకరణ

ఎంత పకడ్బందీగా కప్పినా బయటి వేడి కొంత కేబుల్‌లోకి చేరుతుంది. ఏసీ విద్యుత్తు ప్రవహించేటప్పుడు అతివాహకంలోనూ స్వల్పంగా వేడి పుడుతుంది. లోపలి ఒక్కో వాట్ వేడిని తోడేయడానికి బయట సుమారు 15 నుంచి 20 వాట్ల విద్యుత్తు వెచ్చించాలి. కిలోమీటరు కేబుల్‌లో 2 కిలోవాట్ల వేడి చేరుతుందని అనుకుంటే, శీతలీకరణకు 30 నుంచి 40 కిలోవాట్లు కావాలి. 40 మెగావాట్లు ప్రవహించేచోట ఇది వెయ్యింట ఒక వంతే. ప్రవాహం 4 మెగావాట్లకు పడిపోతే నూటికి ఒక వంతవుతుంది. మామూలు కేబుల్‌లో ప్రవాహం సగానికి తగ్గితే నష్టం నాలుగో వంతుకు దిగుతుంది. శీతలీకరణ యంత్రాలకు ఆ వెసులుబాటు లేదు.

ఎసెన్ చూపిన దారి

జర్మనీలోని ఎసెన్ నగరంలో 2014లో రెండు సబ్‌స్టేషన్ల మధ్య కిలోమీటరు పొడవున 10 కేవీ అతివాహక కేబుల్ వేశారు. సామర్థ్యం 40 మెగావాట్లు. పరిశోధనతో కలిపి ప్రాజెక్టుకు 1.35 కోట్ల యూరోలు వెచ్చించారు. 110 కేవీ లైను చేసే పనిని 10 కేవీ కేబుల్‌తోనే చేయించవచ్చని తేలింది. అంటే నగరం నడిబొడ్డున పెద్ద ట్రాన్స్‌ఫార్మర్లకు స్థలం వెతకనక్కర్లేదు. ఇక్కడ అసలు లాభం తగ్గిన విద్యుత్ నష్టం కన్నా, మిగిలిన భూమి విలువలోనే ఉంది.

అమెరికాలోని లాంగ్ ఐలాండ్‌లో 2008లో 138 కేవీ కేబుల్‌ను 600 మీటర్ల మేర, చైనాలోని షాంఘైలో 2021లో 35 కేవీ కేబుల్‌ను 1.2 కిలోమీటర్ల మేర వినియోగంలోకి తెచ్చారు. ఇవన్నీ తక్కువ దూరాలే కావడం గమనార్హం.

పొడవైన లైన్ల సంగతి వేరు. ఛత్తీస్‌గఢ్‌లోని రాయగఢ్ నుంచి తెలుగు నేల మీదుగా తమిళనాడులోని పుగళూరుకు సాగే 800 కేవీ డీసీ లైను 6 వేల మెగావాట్లను మామూలు తీగలతోనే 1,700 కిలోమీటర్లకు పైగా తీసుకెళుతోంది. అంత దూరం అతివాహకం వేస్తే దారి పొడవునా శీతలీకరణ కేంద్రాలు నెలకొల్పాలి. ఒక్కటి ఆగినా ప్రవాహం నిలిచిపోయే ముప్పుంది. తీగ ధర గణనీయంగా తగ్గేవరకు అతివాహక కేబుల్ స్థానం కిక్కిరిసిన నగరాల భూగర్భమే తప్ప పొలాల మీది స్తంభాలు కావు.