సరమ ప్రశ్నకు బదులేది?

ఇంటి కుక్క చనిపోయిన పిదప బీమా సొమ్ము అడుగుట సిగ్గుమాలిన పని యని మనవారిలో కొందరు పెద్దలు అనుచున్నారు. "మనుష్యుల బీమాకే దిక్కు లేదు, కుక్కకు బీమాయా?" అని వారి పరిహాసము. "ప్రేమతో పెంచితిమని చెప్పి, దాని చావు మీద డబ్బు దండుకొందురా?" అని వారి మందలింపు. ఈ రెండు మాటలును సరికావని చెప్పుటకే ఈ వ్యాసమును వ్రాయుచున్నాము. ఈ వ్యవహారమున తప్పు పెద్దలయందు కొంత, కంపెనీలయందు మిక్కిలి, చదువకుండ సంతకము పెట్టు మనయందు మరికొంత కలదని కూడ ముందే ఒప్పుకొనుచున్నాము.

కాటన్‌పేట ఎరిగినవారికి ఇచటి ఇండ్ల సంగతి వేరుగ చెప్ప పనిలేదు. క్రింద అంగడి, మీద కాపురము, వెనుక గోదాము. మా ఇంటి కుక్క ఒక వానరాత్రి తడిసి వచ్చి మెట్లక్రింద దూరిన వీధికూన. ఆరేండ్లు మాతో బ్రదికినది. మూడేండ్ల క్రిందట ఒక ఏజెంటు చెప్పగా దానికి బీమా చేయించితిమి. ఏ యేడును ప్రీమియము తప్పలేదు, టీకాలు తప్పలేదు. గడచిన వానకాలమున దానికి పిడుదుల వలన వచ్చు జ్వరము పట్టినది. ముక్కునుండి నెత్తురు కారినది. నాలుగు దినములు సెలైను ఎక్కించిరి. అయిదవ నాటి రాత్రి ప్రాణము విడిచినది. పాతిపెట్టుటకు మా ఇంట జానెడు మట్టి లేదు. పశువైద్యుని ధ్రువపత్రము తీసికొని, మరునాటి ఉదయమే జంతువుల దహనశాలకు కొనిపోయితిమి.

కంపెనీకి ఆ దినముననే తెలిపితిమి. పదునొకండవ నాడు వారి ఉత్తరము వచ్చినది: శవపరీక్ష నివేదిక పంపవలయునట! బూడిదకు శవపరీక్ష యెట్లు చేయుదురు? ఈ మాటయే వ్రాసితిమి. మరల అదే ఉత్తరము వచ్చినది. మూడవసారి వ్రాయగా, పత్రములు అందనందున క్లెయిము మూసివేయబడినదని రెండు పంక్తులు పంపిరి. పాలసీ కాగితమును వెదకి చూచితిమి. "కంపెనీ కోరు ఇతర పత్రములు" అని సన్నని ఇంగ్లీషు అక్షరములలో ఒక మాట మాత్రము కలదు. మేము వారిని అడిగినది ఒక్కటే: శవపరీక్ష తప్పనిసరి యని మాకు ఎవరు, ఎప్పుడు, ఏ భాషలో చెప్పిరి? దీనికి నేటివరకు బదులు లేదు.

నన్నయ ఆదిపర్వము తెరచినవారికి తొలుతనే ఎదురగు కథలలో సరమ కథ యొకటి. జనమేజయుడు యాగము చేయుచుండగా సరమ యను దేవశునకము కొడుకు అచటికి పోయెను. రాజు తమ్ములు దానిని కొట్టిరి. ఆ కూన హవిస్సును ముట్టలేదు, కన్నెత్తియు చూడలేదు. తల్లి సభకు వచ్చి, నా బిడ్డ చేసిన తప్పేమని అడిగెను. ఎవరును బదులు చెప్పలేదు. అప్పుడామె, అనుకొనని భయములు మీకు వచ్చుగాక యని పలికి పోయెను. యాగము ముగిసిన పిదప ఆ మాటకు శాంతి చేయించుటకై చక్రవర్తియే పురోహితుని వెదకుకొనుచు తిరిగెను. కుక్క తల్లి అడిగిన ప్రశ్నకైనను సభ బదులీయవలెనని మన భారతము మొదటిలోనే చెప్పినది. బదులీయని సభలు నేడు అద్దాల మేడలలో ఉన్నవి, అంతే భేదము.

భారతము చివర మరల కుక్క వచ్చును. మహాప్రస్థానమున తమ్ములును ద్రౌపదియు పడిపోగా ధర్మరాజు వెంట మిగిలినది అది యొక్కటియే. కుక్కను విడిచి రథమెక్కుమని ఇంద్రుడన్నను అతడు ఒప్పలేదు. ప్రతి సంవత్సరము చైత్ర పౌర్ణమి రాత్రి తిగళరపేటలోని ధర్మరాయస్వామి గుడినుండి వెడలు కరగ మన కాటన్‌పేటలోని తవక్కల్ మస్తాన్ దర్గాకు వచ్చి పోవును. వాకిట నిలిచి చేతులెత్తి మ్రొక్కు పెద్దలే, కుక్కను ఇంటిదానిగ ఎంచుట దొరల నాగరికత యనుట వింతగానున్నది. మనము మ్రొక్కునది కుక్క కొరకు స్వర్గమునే వలదన్న రాజునకు గదా!

ఇక డబ్బు మాట. బీమా సొమ్ము ప్రేమకు వెల యని ఎవరును అనలేదు. ప్రీమియము తీసికొన్ననాడు కంపెనీ ఒక మాట యిచ్చినది. ఆ మాట చెల్లింపుమని అడుగుటయే క్లెయిము. పాడియావు చనిపోయిన రైతు బీమా అడిగిన సిగ్గుపడుమని చెప్పుదుమా? వైద్యమునకు చేసిన అప్పు కుక్కతో పాటు కాలిపోలేదు.

ఇది ఎవరో ధనికుల క్రొత్త వేడుక యనుటయు సరికాదు. స్వీడన్ దేశమున 1924లోనే కుక్కకు బీమా చేసిరి. మన దేశమున 1973లో సాధారణ బీమా జాతీయమైన పిదప ప్రభుత్వ కంపెనీలు పశువుల బీమా విరివిగా నడపినవి. పెంపుడు కుక్కల పాలసీయు వాటి పట్టికలో చేరినది. 2020 మొదలు ప్రైవేటు కంపెనీలును ఈ రంగమున దిగినవి.

కంపెనీల పక్షమున చెప్పదగిన మాట లేకపోలేదు. ఒక కుక్కకు బీమా చేసి మరొక కుక్క చావు చూపువారు ఉందురు. టీకా వేయింపని కుక్క రేబిస్‌తోనో, డిస్టెంపరుతోనో, పార్వోతోనో చనిపోయిన సొమ్మీయమని పాలసీలు చెప్పుటయు న్యాయమే. పాలసీ తీసికొన్న తొలి దినములలో వచ్చిన జబ్బును లెక్కింపకుండుటయు అర్థమగుచున్నది. అయితే పశువుల బీమాలో ఒక మంచి కలదు. చెవిబిళ్ళ లేనిదే క్లెయిము లేదని రైతునకు మొదటినాడే తెలియును. ఆ షరతు ఆవు చెవికే వ్రేలాడుచుండును. కుక్కల పాలసీలోని షరతు మాత్రము చితి చల్లారిన పదునొకండవ నాడు మాకు తెలిసినది. షరతు ఉండుటను మేము తప్పుపట్టుట లేదు. దానిని దాచుటను తప్పుపట్టుచున్నాము.

చట్టమును ఈ దాపరికమును మెచ్చదు. బీమా ఒడంబడికలోని మాట సందిగ్ధమైనచో దానిని వ్రాసిన కంపెనీకి ప్రతికూలముగనే అర్థము చెప్పవలెనని సుప్రీంకోర్టు 1966లోనే పలికినది. పత్రములు లేవను కారణమున ఏ క్లెయిమును త్రోసివేయరాదని, కావలసిన పత్రములను పాలసీ ఇచ్చునాడే అడుగవలెనని బీమా నియంత్రణ సంస్థ 2024 జూన్ 11వ తేదీ ఉత్తర్వులో సాధారణ బీమా కంపెనీలను శాసించినది. ఇంత స్పష్టముగ చెప్పిన తరువాతను రెండు పంక్తులతో తలుపు మూయువారిని ఏమనవలెను?

మరొక అన్యాయము వెల కట్టుటలో కలదు. కుక్కను కొన్న రసీదేదని మమ్ము అడిగిరి. మెట్లక్రింద దొరికినదానికి రసీదెవరిచ్చెదరు? జాతికుక్కయే కుక్క యను భావము దీనికి మూలము. 2005లో తపాలా శాఖ మన దేశపు కుక్కలకు బిళ్ళలు వేసినప్పుడు కర్ణాటకపు ముధోళ్ వేటకుక్కతో పాటు రాజపాళయము కుక్కయు వాటిలో నిలిచినది. రాజపాళయము అరవనాట స్థిరపడిన తెలుగు రాజుల ఊరని మన పాఠకులెరుగుదురు. పొరుగునాట మన తెలుగువారి ఊరి పేరు ఒక కుక్కజాతికి నిలిచినందులకు మేమును సంతోషింతుము. కాని గుమ్మము కాచుటలో మా వీధికుక్క దేనికిని తీసిపోలేదు. జాతిపత్రము లేనిదానికి ప్రీమియము పుచ్చుకొనునాడు లేని సంకోచము సొమ్మిచ్చునాడు ఏల కలుగవలెను?

ఇప్పుడు మన తప్పు. మనము ఇంట తెలుగు, వీధిలో కన్నడము మాటలాడుదుము. సంతకము మాత్రము ఇంగ్లీషు కాగితము మీద పెట్టుదుము. ఫారమును ఏజెంటు నింపును, మనము కాఫీ ఇచ్చి పంపుదుము. ఈ అలవాటు పోవలెను. కుక్క చనిపోయిన దినమున ఏయే పత్రములు కావలెనో బీమా చేయించునాడే అడిగి, వ్రాతమూలముగ జవాబు తీసికొనవలెను. కుక్క ఛాయాచిత్రము, గుర్తులు, మైక్రోచిప్పు ఉన్నచో దాని సంఖ్య, టీకాల పుస్తకము ఒకచోట ఉంచవలెను. చనిపోయిన వెంటనే కంపెనీకి తెలిపి, శవపరీక్ష అక్కరయా యని వ్రాసి అడిగిన తరువాతనే అంత్యక్రియ చేయవలెను. అక్కర యన్నచో ఆలస్యము కూడదు. మంచులో చల్లగ నుంచవచ్చును గాని గడ్డకట్టింపరాదు, గడ్డకట్టిన దేహమున జబ్బు ఆనవాళ్ళు చెడును. వైద్యుని పత్రమున చావు కారణము, వేళ, కుక్క గుర్తులు మూడును ఉండవలెను. దుఃఖములో ఇవి చేయుట కష్టమే. మేము చేయలేకపోయితిమి, అందువలననే చెప్పుచున్నాము.

నిరాకరణ వచ్చినను చేతులు ముడుచుకొనరాదు. మొదట కంపెనీ ఫిర్యాదుల అధికారికి వ్రాయవలెను. నెలలో బదులు రాకున్నను, వచ్చిన బదులు అన్యాయమైనను, ఏడాదిలోపున బీమా అంబుడ్స్‌మన్‌కు విన్నవింపవచ్చును. వారి కార్యాలయము బెంగళూరులోనే కలదు. రుసుము లేదు, వకీలు అక్కరలేదు. వినియోగదారుల కమిషన్ తలుపును తెరచియే యుండును. అయిదు లక్షల వరకు అచటను రుసుము లేదు. మా విన్నపము అంబుడ్స్‌మన్ యెదుట నున్నది. సొమ్ము వచ్చునో రాదో ఎరుగము, బదులు మాత్రము రాబట్టి తీరుదుము.

మన సంఘములలో బ్యాంకులయందు, బీమా కార్యాలయములయందు పనిచేసి విశ్రాంతి తీసికొనుచున్న పెద్దలు ఎందరో కలరు. నెలకొక ఆదివారము ఉదయము వారు సంఘభవనమున కూర్చుండి, వచ్చినవారి కాగితములు చదివి తెలుగులో చెప్పినచో ఎన్నో ఇండ్లకు మేలగును. ఉగాదికి కవిసమ్మేళనము జరుపు సంఘమునకు ఇది భారము కాబోదు.

కంపెనీలను మేము కోరునది స్వల్పము. కుక్క చనిపోయిన దినమున చేయవలసిన పనులను ఒక్క పుటలో, కన్నడమునను తెలుగునను అచ్చువేసి పాలసీతో పాటు ఇండు. అది చదివియు మేము తప్పినచో క్లెయిము త్రోసివేయుడు, మారు మాటాడము. అంతవరకు సరమ అడిగినట్లు మేమును అడుగుచునే యుందుము. కరగ మా వీధికి వచ్చిన రాత్రి ధర్మరాజునకు మ్రొక్కుటకు మాకు మొగము చెల్లవలెను గదా!