పాతబస్తీ ఏడు ఓట్లు, గూడెం ఓటు

రాష్ట్రపతి ఎన్నిక ఢిల్లీ పెద్దల వ్యవహారమని పల్లెల్లో అనుకోవడం పరిపాటి. కాని అందులో ఓటేసేది పల్లెలూ, బస్తీలూ గెలిపించి పంపిన సభ్యులే. 2022 జులై 18న తెలంగాణ శాసనసభ్యులు వేసిన ఓట్లను ఒకసారి తరచి చూడాలి.

ఆ ఎన్నికలో దేశం మొత్తం మీద ద్రౌపది ముర్ముకు 6,76,803, యశ్వంత్ సిన్హాకు 3,80,177 విలువ గల ఓట్లు వచ్చాయి. గిరిజన మహిళ రాష్ట్రపతి కావడం అదే ప్రథమం. పొరుగున ఆంధ్రప్రదేశ్‌లో అధికార, ప్రతిపక్షాలు నిత్యం కత్తులు నూరుకునేవే. అయినా అక్కడి 173 ఓట్లూ ముర్ముకే పడ్డాయి. తెలంగాణలో సిన్హాకు 113, ముర్ముకు 3. ఒకప్పుడు ఒకే శాసనసభలో కూర్చున్న వారి తీర్పు చెరొక దిక్కు! తెలంగాణలో ఉప్పూ నిప్పూగా ఉన్న టిఆర్ఎస్, కాంగ్రెస్‌లు మాత్రం ఆనాడు ఒకే వైపు నిలిచాయి.

ఇక హైదరాబాద్ పాతబస్తీ. చార్మినార్, చాంద్రాయణగుట్ట, యాకుత్‌పురా, బహదూర్‌పురా, మలక్‌పేట, కార్వాన్‌లతో పాటు నాంపల్లి కూడా అప్పట్లో మజ్లిస్‌వే. ఆ పార్టీ సిన్హాకు మద్దతు ముందే ప్రకటించింది. వాటిని ఆనుకునే ఉన్న గోషామహల్ బిజెపిది.

మజ్లిస్ ఏడు ఓట్ల విలువ ఎంత? రాష్ట్రంలో 1971 నాటి జనాభాను శాసనసభ స్థానాల సంఖ్యతో భాగించి, వచ్చిన దాన్ని మళ్లీ వెయ్యితో భాగిస్తారు. ఆ లెక్కన తెలంగాణ సభ్యుని ఓటు విలువ 132. ఏడుగురివీ కలిపితే 924. ఉత్తరప్రదేశ్‌లో ఒక్కో సభ్యుని వెనుక జనం ఎక్కువ గనుక అక్కడ ఒక్క ఓటే 208, ఐదుగురివి 1,040. రాష్ట్రం లోపల మాత్రం తేడా లేదు. చార్మినార్ సభ్యునికీ 132, భద్రాచలం సభ్యునికీ 132.

అసలు ఆలోచించవలసింది ఇక్కడే. తెలంగాణలో గిరిజనులకు ప్రత్యేకించిన స్థానాలు 12. ముర్ముకు వచ్చినవి మూడే. అంటే ఆ పన్నెండు స్థానాల్లో కనీసం తొమ్మిదింటి ఓటు ఆమెకు దక్కలేదు. సిన్హాకు ఓటేయడం నేరమేమీ కాదు, అది వారి హక్కు. ఈ ఎన్నికలో పార్టీ విప్ చెల్లదు, ఓటు రహస్యం. బెదిరింపు లేనప్పుడు పార్టీ మాటే వేదమని చేతులెత్తేయడం కుదరదు. ఎవరికి వేశారో చెప్పనక్కర లేదు. ఏ ఆలోచనతో వెళుతున్నారో మాత్రం బయలుదేరే ముందే గూడేనికి వచ్చి చెప్పాలి. పాతబస్తీలో పార్టీ మాట ముందే బహిరంగం గనుక అక్కడి ఓటరుకు ఆ చీకటి లేదు. గూడెం ఓటరుకు ఆపాటి మర్యాద దక్కకూడదా?

ముర్ము పదవీకాలం 2027 జులై వరకు. తరువాతి రాష్ట్రపతి ఎన్నికలో తెలంగాణ తరఫున ఓటేయవలసింది 2023 నవంబరు 30న జనం ఎన్నుకున్న శాసనసభే. సభ్యులు ఊళ్లకు వచ్చినప్పుడు రోడ్లు, పింఛన్లతో పాటు ఈ ఓటు సంగతి కూడా అడగవచ్చు.