దుబాయిలో తోడు మంచిదే, పొట్లం మంచిది కాదు

దుబాయి వెళ్ళొచ్చినవారిని ఆ ఊరు ఎలా ఉందని అడిగితే, చాలామంది క్యాంపు, పని చోటు తప్ప మరొకటి చెప్పలేరు. కరీంనగర్, నిజామాబాదు వైపు నుంచి వెళ్ళేవారికి ఇంట్లో చెప్పి పంపే మాట ఒకటే: ‘కొత్తవాళ్ళతో తిరగకు’. సెలవునాడు గదిలో పడుకుని ఇంటిబెంగ పెంచుకోవడం కన్నా, పక్క మంచం మలయాళీతోనో నేపాలీతోనో బయలుదేరడమే మేలు.

డేరా ఒడ్డున పడవెక్కితే ఒక్క దిర్హముకే అవతలి బర్ దుబాయి చేరవచ్చు. బంగారు బజారులో హారాలు చూడడానికి డబ్బక్కరలేదు, కొనమని అడిగేవారూ పక్కనుండరు. 2010లో తెరిచిన బుర్జ్ ఖలీఫా ఎత్తు 828 మీటర్లు. కింద నిలబడి చూస్తే మెడనొప్పే ఖర్చు. దాన్ని కట్టిన కూలీల్లో మన దేశంవారూ ఎందరో ఉన్నారు.

అయితే స్నేహానికీ హద్దుండాలి. పాస్‌పోర్టు కొత్త స్నేహితుడి చేతికివ్వరాదు. సెలవుకు వచ్చి తిరిగి వెళ్ళేటప్పుడు, అతని కోసమని ఎవరైనా ఇచ్చే పొట్లం విప్పి చూడకుండా తీసుకోరాదు. ఇక్కడ డాక్టరు చీటీతో దొరికే ట్రమడాల్ వంటి నొప్పిమాత్రలు అక్కడ అనుమతి లేకుండా పట్టుబడితే జైలు పాలు కావలసివస్తుంది. టిక్కెట్టు చేతిలో పెట్టే ఏజెంట్లు ఈ సంగతి చెప్పడం అరుదు. కనీసం పంచాయతీ ఆఫీసు గోడమీదనైనా రాయించాలి.